మీటరు కరెక్టే, బిల్లు తప్పు: ఒక పోర్షన్ ఇంటి కేసు

కరెంటు బిల్లు ఎక్కువ వచ్చిందని ఫిర్యాదు చేస్తే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఆఫీసులో సాధారణంగా వచ్చే జవాబు ఒక్కటే: మీటరు టెస్ట్ చేయించుకోండి. టెస్టులో మీటరు బాగుందని తేలితే ఫిర్యాదు అక్కడితో ముగిసినట్టే. తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో నేను చూసిన ఈ కేసులో మీటరు ఒకసారి కాదు, రెండుసార్లు సరైనదని తేలింది. ఆ రెండుసార్లూ అది నిజమే. అయినా ఆ కుటుంబం తాము కాల్చని కరెంటుకు డబ్బు కట్టింది. అలాంటి ఇళ్లు ఇంకా చాలా ఉంటాయని నా నమ్మకం. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

నేను లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ని. బిల్లుల ఫిర్యాదులతో వచ్చేవాళ్లకు అర్జీలు రాసిపెట్టడం, అవసరమైతే ఇంటికి వెళ్లి వైరింగ్ చూడటం కొన్నేళ్లుగా చేస్తున్నాను. కుటుంబం ఎవరిదో తెలియకుండా ఉండేందుకు కొన్ని వివరాలు మార్చాను. యూనిట్ల లెక్కలో మాత్రం మార్పు లేదు, ఎందుకంటే పాఠమంతా అందులోనే ఉంది.

నేపథ్యం

రెండు పోర్షన్ల పాత ఇల్లు. ఓనర్ వేరే ఊళ్లో ఉంటారు. ఒక పోర్షన్‌లో ఈ కుటుంబం ఆరేళ్లుగా అద్దెకుంటోంది. ఆయనది దినసరి కూలితో నడిచే పని, ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది, అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఫ్రిజ్, టీవీ, మూడు ఫ్యాన్లు, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, కుట్టు మిషన్‌కు చిన్న మోటారు. ఏసీ లేదు, గీజర్ లేదు. తెల్ల రేషన్ కార్డు ఉంది కాబట్టి 2024 మార్చిలో గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం మొదలైనప్పటి నుంచి వాళ్లకు జీరో బిల్లే.

ఈ పథకంలో ఉన్న మెలిక తెలిస్తేనే వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. నెలకు 200 యూనిట్ల వరకు సున్నా. ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు కట్టాలి. దానికి తోడు 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న శ్లాబులు చూడండి. 200 యూనిట్ల లోపు కాలిస్తే మొదటి 100కు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 100కు 4 రూపాయల 80 పైసలు. 200 దాటితే కేటగిరీయే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు. అంటే పథకం లేని ఇంట్లో కూడా 200 దగ్గర 820 రూపాయలున్న ఎనర్జీ ఛార్జీ 201 దగ్గర 1,027 దాటుతుంది. పథకం ఉన్న ఇంట్లో సున్నా నుంచి నేరుగా అక్కడికి ఎగబాకుతుంది. ఇలాంటి ఇంట్లో మీటరు కొద్దిగా ఎక్కువ తిరిగినా నెల సరుకుల ఖర్చుకు గండి పడుతుంది.

వచ్చిన సమస్య

2024 జులై నుంచి అక్టోబరు బిల్లు దాకా వాళ్ల వాడకం 128 నుంచి 150 యూనిట్ల మధ్యే ఉంది. నవంబరు మొదటి వారంలో తీసిన రీడింగు 207. డిసెంబరులో 226. జనవరిలో 236. ఈ మూడు బిల్లుల్లో ఎనర్జీ ఛార్జీలే 3,591 రూపాయలు. కస్టమర్ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం కలిపితే నాలుగు వేల దగ్గరికి వచ్చింది.

నా దగ్గరికి వచ్చేసరికి వాళ్లు తిరగాల్సినంత తిరిగారు. మొదట 1912కు ఫోన్ చేశారు. ఇంటికి ఎవరూ రాలేదు గానీ, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. రెండోసారి సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, మీటరు టెస్టుకు డబ్బు కట్టారు. లైన్‌మన్ వచ్చి మెయిన్ ఆఫ్ చేసి చూపించాడు. "మెయిన్ బంద్ చేస్తే మీటరు ఆగుతుంది కదమ్మా, అంటే మీ ఇంట్లోనే కాలుతోంది" అన్నాడు. డిసెంబరు చివర్లో పాత మీటరు విప్పి ల్యాబ్‌కు పంపి, కొత్తది బిగించారు. నెల దాటకముందే రిపోర్టు వచ్చింది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు 2020 ప్రకారం టెస్టు 30 రోజుల్లో పూర్తి కావాలి కాబట్టి గడువు విషయంలో తప్పు పట్టలేం. రిపోర్టులో ఉన్నది ఒకే వాక్యం: మీటరు అనుమతించిన పరిమితిలోనే ఉంది. కొత్త మీటరు కూడా పాతదానిలాగే తిరిగింది.

ఆఫీసులో ఎవరో ఆమెతో, "చలికాలం కదా, హీటర్లు వాడుతుంటారు, మాకు చెప్పరు" అన్నారట. ఆ మాట ఆమెను బిల్లుకన్నా ఎక్కువ బాధపెట్టింది. "సార్, మేం కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగబెట్టుకుంటం. దొంగలను అడిగినట్టు అడిగిన్రు" అని చెప్పింది. నేను ఆ మాటను నా నోట్స్‌లో రాసుకున్నాను, ఎందుకంటే ఆ తర్వాత తీసుకున్న ఒక నిర్ణయానికి ఇదే కారణం.

మొదట కొట్టేసిన కారణాలు

ఇలాంటి కేసుల్లో ముందు కాగితాలు చూస్తాను, తర్వాతే వైర్లు. ఏడాది బిల్లులు వరసగా పేర్చి, ఒక్కో రీడింగుకూ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టాను. రీడింగు ఆలస్యమైతే నెల వాడకం పెరిగినట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఆ తేడా లేదు. బిల్లు మీద ఉన్న మీటరు నెంబరు, గోడ మీదున్న మీటరు నెంబరు ఒకటేనా అని చూశాను. పోర్షన్ల ఇళ్లలో మీటర్లు తారుమారు కావడం మామూలే, ఏళ్ల తరబడి ఒకరి బిల్లు ఒకరు కట్టిన సందర్భాలు నేనే చూశాను. ఇక్కడ అదీ కాదు.

తర్వాత వాళ్ల వస్తువుల లెక్క వేశాను. ఎంత ధారాళంగా వేసినా చలికాలంలో నెలకు 130 దాటడం లేదు. పాత బిల్లులూ అదే చెబుతున్నాయి. మరో సంగతి కూడా గమనించాను. ఆ వీధిలో అందరికీ అక్టోబరు తర్వాత ఫ్యాన్లు, కూలర్లు తగ్గి బిల్లు తగ్గుతుంది. వీళ్లకు సరిగ్గా అప్పుడే పెరిగింది. పాడైన ఫ్రిజ్ గానీ, తడి గోడలో లీకేజీ గానీ అయితే వానాకాలంలోనో వేసవిలోనో బయటపడాలి. చలి మొదలయ్యాక పెరిగే వాడకమంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వేడినీళ్లే. ఆఫీసువాళ్ల అనుమానం కూడా అటే పోయింది. వేడినీళ్లు ఎవరివి అని మాత్రం వాళ్లు అడగలేదు.

ఇక రెండు మీటర్లు ఒకే మాట చెప్పడం. దీన్ని ఆఫీసు 'వాడకం మీదే' అన్నదానికి రుజువుగా తీసుకుంది. నేను అలా తీసుకోలేదు. రెండు మీటర్లూ ఒకేలా తిరిగాయంటే అంత కరెంటు నిజంగానే ఆ మీటరు గుండా పోతోందని అర్థం, అంతవరకే. ఆ కరెంటు ఎవరిదో మీటరుకు తెలియదు. 

ఈ దశలో చెక్ మీటరు అడుగుదామా అని ఆమె భర్త అడిగారు. 2024లో సవరించిన నియమాల ప్రకారం, రీడింగు వాడకానికి తగ్గట్టు లేదని ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో అదనపు మీటరు పెట్టి కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి. మంచి నియమం, చాలామందికి పనికొస్తుంది. ఇక్కడ వద్దన్నాను. చెక్ మీటరు కూడా అదే చోట, అదే రెండు వైర్ల మీద కూర్చుంటుంది. అది కూడా అవే యూనిట్లు చూపిస్తుంది. మూడు నెలల తర్వాత ఈ కుటుంబం మీద మూడో సాక్ష్యం తయారై ఉండేది.

బిల్లు ఆపాలా, కట్టాలా

జనవరి బిల్లు కట్టకుండా ఆపేద్దామని ఆయన పట్టుదల. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బకాయికి లైను కట్ చేయాలంటే 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల్లో కట్టిన సగటు గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ జమ చేస్తే వివాదం తేలేదాకా కట్ చేయకూడదు. మామూలు ఇంటికి ఇది గట్టి రక్షణ.

కానీ ఈ ఇంట్లో గత ఆరు నెలల్లో చాలా బిల్లులు సున్నా. సగటు ఎలా కట్టాలన్న వాదన మొదలైతే అదే పెద్ద తగాదా అవుతుంది, అసలు ఫిర్యాదు పక్కకు పోతుంది. కుట్టు మిషన్ ఆగితే ఆమె సంపాదన ఆగుతుంది. కాబట్టి మొత్తం కట్టేసి, అదే రోజు 'అభ్యంతరంతో కడుతున్నాం' అని ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకోమన్నాను. ఆయన ఒప్పుకోవడానికి టైం పట్టింది. చేయని తప్పుకు డబ్బు కట్టడం ఎవరికైనా కష్టమే.

నోట్‌బుక్ చెప్పిన మాట

క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలించి అందులో పోయే కరెంటును కొలిచే పరికరం) పట్టుకుని వెంటనే వెళ్లొచ్చు. వెళ్లలేదు. లోపం రోజంతా ఉండేదైతే లైన్‌మన్ వచ్చినప్పుడే కనపడేది. ఏదో ఒక వేళలో మాత్రమే వచ్చే లోపమైతే ఆ వేళ ఏదో ముందు తెలియాలి. అందుకే అమ్మాయికి ఒక పని అప్పగించాను. రోజూ రాత్రి 10, తెల్లవారి 5, ఉదయం 8, సాయంత్రం 5 గంటలకు మీటరు రీడింగు రాయాలి. పక్కనే ఆ పూట ఇంట్లో ఏం నడిచిందో రెండు ముక్కల్లో రాయాలి.

ఆ అమ్మాయి రాసిన తీరు చూస్తే ముచ్చటేసింది. గీతలు గీసి, పాయింటు తర్వాత అంకెతో సహా రాసింది. మామూలు రోజున రాత్రంతా సుమారు 0.8 యూనిట్, పగలంతా 1.1, సాయంత్రం నుంచి పడుకునేదాకా 2 యూనిట్లు. తెల్లవారి 5 నుంచి 8 వరకు మాత్రం 3.7. ఆ మూడు గంటల్లో ఇంట్లో నడిచింది రెండు లైట్లు, కాసేపు మిక్సీ. ఆదివారం నాడు 8 లోపు పెద్దగా లేదు, ఆ మూడు యూనిట్లూ 8 తర్వాత వచ్చి పడ్డాయి.

సంక్రాంతి పేజీలు అన్నిటికన్నా విలువైనవి. భోగి నుంచి కనుమ దాకా ఇంటి నిండా చుట్టాలు. టీవీ ఆగలేదు, సకినాల పిండికి మిక్సీ ఆగలేదు, అర్ధరాత్రి దాకా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆ మూడు రోజులే రోజువారీ వాడకం అన్నిటికన్నా తక్కువ, ఐదు యూనిట్లు కూడా లేదు. ఆ పేజీ చూసి నేను అడిగింది ఒకటే: "పండక్కి మీ పక్క పోర్షన్‌వాళ్లు ఊళ్లో ఉన్నారా?" లేరు. వాళ్ల సొంతూరికి వెళ్లారు. అసలు వాళ్లు ఆ పోర్షన్‌లో దిగిందే అక్టోబరులో దసరా అయ్యాక. దిగినప్పుడు ఓనర్ బాత్రూంలో కొత్త గీజర్ పెట్టించి ఇచ్చారు.

తెల్లవారుజామున మీటరు బోర్డు దగ్గర

ఓనర్‌కు ఫోన్ చేసి, రెండు కుటుంబాల అనుమతితో ఒకరోజు చీకటి ఉండగానే వెళ్లాను. పక్క పోర్షన్ ఆవిడకు ముందే చెప్పాను: మీరు తప్పు చేశారని కాదమ్మా, వైరింగులో ఏదో కలిసినట్టుంది, మీరు రోజూ చేసే పనులే చేయండి.

ఫిర్యాదు చేసిన కుటుంబం ఇంట్లో మెయిన్ ఆన్‌లోనే ఉంచి, లోపలికి వెళ్లే ఫ్యూజులన్నీ పీకేశాను. ఇంట్లో లైటు లేదు, ఫ్రిజ్ లేదు, ఏమీ లేదు. మీటరు మీద ఎర్ర పల్స్ లైటు మాత్రం టకటకా కొట్టుకుంటోంది, సెకనుకు దాదాపు రెండుసార్లు. ఆ మీటరుకు యూనిట్‌కు 3,200 పల్సులు. అంటే ఆ వేగం రెండు కిలోవాట్ల లోడుది. పక్క పోర్షన్‌లో గీజర్ ఆన్‌లో ఉంది. మీటరు ముఖం మీద ఎర్త్ లోడుకు సూచనగా ఉండే రెండో చిన్న లైటు (ఫేజు, న్యూట్రల్ కరెంట్లు సమానంగా లేనప్పుడు వెలిగేది) కూడా వెలుగుతోంది.

క్లాంప్ మీటరును ఫేజు వైరుకు తగిలిస్తే సున్నా. న్యూట్రల్ వైరుకు తగిలిస్తే 8.6 ఆంపియర్లు.

ఆ తర్వాత మెయిన్ ఆఫ్ చేశాను. పల్సు ఆగింది. అదే క్షణం పక్క పోర్షన్ నుంచి, "గీజర్ బంద్ అయింది" అని కేక వినిపించింది.

జరిగిందేమిటో వివరంగా చెప్పాలి. కరెంటు ఫేజు వైరులో వచ్చి న్యూట్రల్ వైరులో తిరిగి వెళ్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంట్లో ఈ రెండూ సమానం. గీజర్‌కు లైను లాగిన ఎలక్ట్రీషియన్ ఫేజును పక్క పోర్షన్ నుంచే తీసుకున్నాడు. న్యూట్రల్‌ను మాత్రం రెండు బాత్రూంల మధ్య గోడ పైనున్న జంక్షన్ బాక్సులో చేతికందిన నల్ల వైరుకు కలిపేశాడు. అది వీళ్ల ఇంటి లైట్ల న్యూట్రల్. పక్కింట్లో వాడిన నీళ్లు మన మోరీలోంచి పోయినట్టు, గీజర్ కరెంటంతా వీళ్ల న్యూట్రల్‌లోంచి, వీళ్ల మీటరులోంచి తిరిగిపోతోంది.

ఇప్పుడు మన ఇళ్లకు పెట్టే సింగిల్ ఫేజు ఎలక్ట్రానిక్ మీటర్లు ఫేజునూ న్యూట్రల్‌నూ రెండిటినీ కొలిచి, ఏది ఎక్కువైతే దాని ప్రకారం యూనిట్లు లెక్కిస్తాయి. న్యూట్రల్‌ను ఎర్తుకు మళ్లించి కరెంటు దొంగతనం చేసేవాళ్లను పట్టుకోవడానికి చేసిన ఏర్పాటు అది. అందులో తప్పు లేదు. కానీ ఈ ఇంట్లో అదే ఏర్పాటు నిర్దోషిని పట్టుకుంది. గీజర్ కాల్చిన యూనిట్లను పక్క పోర్షన్ మీటరు తన ఫేజులో సరిగ్గానే లెక్కించింది. అవే యూనిట్లను వీళ్ల మీటరు న్యూట్రల్‌లో మళ్లీ లెక్కించింది. ఒకే గీజర్‌కు రెండు ఇళ్ల నుంచి డబ్బు వసూలైంది.

ల్యాబ్‌లో మీటరు ఎందుకు పాసయిందో కూడా దీంతో తేలిపోయింది. అక్కడ ఫేజులోనూ న్యూట్రల్‌లోనూ ఒకే కరెంటు పంపి చూస్తారు. లైన్‌మన్ చేసిన మెయిన్ టెస్టు ఎందుకు తప్పుదారి పట్టించిందో కూడా. వీళ్ల మెయిన్ స్విచ్ ఫేజు, న్యూట్రల్ రెండిటినీ తెంపే రకం. దాన్ని ఆపితే పక్కింటి గీజర్ దారి కూడా తెగిపోతుంది, మీటరు ఆగిపోతుంది. అది చూసి 'వాడకం ఇంట్లోదే' అనుకోవడం సహజం. మెయిన్ ఆన్‌లో ఉంచి, లోపలి ఫ్యూజులు మాత్రమే తీస్తేనే నిజం బయటపడుతుంది.

బిల్లు కన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. మెయిన్ ఆఫ్ చేశాక వీళ్ల ఇంటి న్యూట్రల్ మీద టెస్టర్ పెడితే వెలిగింది. గీజర్ ఎలిమెంటు గుండా పక్కింటి ఫేజు ఇక్కడికి వస్తోంది. మెయిన్ ఆపేశాం కదా అన్న ధైర్యంతో ఎవరైనా హోల్డర్ విప్పి ఆ వైరు పట్టుకుని ఉంటే షాక్ కొట్టేది. జంక్షన్ బాక్సు తెరిచి చూస్తే, ఆ జాయింటుకు చుట్టిన టేపు వేడికి మెత్తబడి జిగురు కారింది. సన్నటి లైటు వైరుకు గీజర్ లోడు, అదీ చేత్తో మెలితిప్పిన జాయింటు. బిల్లు సంగతి ఇంత దూరం రాకపోయి ఉంటే ఈ ఇంటి గురించి వేరే వార్త వినాల్సి వచ్చేదేమో.

ముందు ఎవరికి చెప్పాలి

జాయింటు ప్రమాదకరం కాబట్టి గీజర్‌ను అప్పటికప్పుడే ఆపించాను. శాశ్వత మరమ్మతుకు ముందు మాత్రం ఫోటోలు, వీడియో తీయించాను. ఫ్యూజులన్నీ చేతిలో ఉండగా కొట్టుకుంటున్న పల్సు, క్లాంప్ మీటరు మీద అంకె, తెరిచిన జంక్షన్ బాక్సు. బాగుచేశాక రుజువు మిగలదు.

తర్వాతి నిర్ణయం జాగ్రత్తగా తీసుకోవాల్సి వచ్చింది. మీటర్లు ఇలాంటి అసమతుల్యతను తేదీతో సహా తమలో నమోదు చేసుకుంటాయి. ఆ డేటా తీయిస్తే లోపం ఎప్పుడు మొదలైందో దొరుకుతుంది, మన వాదనకు బలం. కానీ ఆఫీసులో ఆ రికార్డును 'ట్యాంపర్ రిపోర్ట్' అంటారు. రెండిళ్ల వైర్లు కలిశాయన్న మాట ముందుగా వాళ్ల నోట వస్తే, దొంగతనం కేసుల 135వ సెక్షన్ వైపు అనుమానం మళ్లొచ్చు. ఇదివరకే "దొంగలను అడిగినట్టు అడిగిన్రు" అని చెప్పిన ఇల్లాలిని మళ్లీ ఆ గది ముందు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. పక్క పోర్షన్‌వాళ్లకు కూడా ఆ మచ్చ అంటకూడదు. వాళ్లు తమ గీజర్‌కు తమ బిల్లులో డబ్బు కడుతూనే ఉన్నారు.

కాబట్టి మేమే ముందు రాశాం. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి పేరిట ఉత్తరం, అందులో 'దొంగ' అన్న పదం గానీ 'అక్రమ' అన్న పదం గానీ లేదు. గీజర్ లైను వేసినప్పుడు జరిగిన వైరింగ్ లోపం వల్ల ఒక పోర్షన్ లోడు రెండో పోర్షన్ న్యూట్రల్‌లో కలిసింది, రెండు సర్వీసు నెంబర్లు ఇవి, వచ్చి చూడండి, మీటరు డేటా డౌన్‌లోడ్ చేయండి అని. రెండు కుటుంబాలూ, ఓనరూ సంతకాలు పెట్టారు. ఓనర్ మొదట తటపటాయించారు. ఇంటికి అంటుకునే ప్రమాదం ఉందని జంక్షన్ బాక్సు ఫోటో పంపాక మారుమాట లేకుండా సంతకం చేశారు, మరమ్మతు ఖర్చూ పెట్టుకున్నారు.

ఈసారి ఏఈ స్వయంగా వచ్చారు. చూసి, "ఇది మాకు చెప్పుంటే అప్పుడే చూసేవాళ్లం" అన్నారు. ఆ కుటుంబం రెండు నెలలుగా చెబుతున్నది అదే. ఏం జరుగుతోందో వాళ్లకు సాంకేతికంగా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తెలుసుకోవాల్సిన బాధ్యత చూడటానికి వచ్చినవాళ్లది. ఎర్త్ సూచన లైటు మీటరు ముఖం మీదే ఉంటుంది. నెలనెలా రీడింగుకు వచ్చే మనిషి దాని ముందే నిలబడతాడు. గీజర్ నడిచే వేళ కాకపోవడంతో అది వెలగకపోయి ఉండొచ్చు. కానీ ఫిర్యాదు అందాక ఒక్కరైనా ఉదయం పూట రావచ్చు, పక్క పోర్షన్ లోడు ఆన్ చేయించి చూడొచ్చు. ఐదు నిమిషాల పని.

మరమ్మతు, తర్వాతి బిల్లులు

గీజర్‌కు పక్క పోర్షన్ బోర్డు నుంచే ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ కొత్తగా లాగాం, లోడుకు తగిన మందం వైరుతో. పాత జాయింటు కత్తిరించి మూసేశాం. వీళ్ల మెయిన్ తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను. ఫేజు, న్యూట్రల్ మధ్య ఆ మాత్రం తేడా వచ్చినా అది పడిపోతుంది. ఇది మొదటి నుంచీ ఉండి ఉంటే గీజర్ ఆన్ చేసిన మొదటి రోజే ట్రిప్ అయ్యేది, వెతకాల్సిన అవసరమే ఉండేది కాదు. మరుసటి రోజు తెల్లవారి 5 నుంచి 8 వరకు అమ్మాయి నోట్‌బుక్‌లో 0.5 అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఫిబ్రవరి రీడింగు 183. అందులో మరమ్మతుకు ముందు వారాల గీజర్ యూనిట్లు కూడా ఉన్నాయి, పండగ రోజులు కలిసిరావడం వల్లా, నెల మధ్యలో బాగుచేయడం వల్లా 200 దాటలేదు. మార్చి రీడింగు 119. రెండూ జీరో బిల్లులే.

పాత మూడు బిల్లుల డబ్బు మాత్రం డిస్కం నుంచి రాలేదు. మీటరు తర్వాత వైరింగు వినియోగదారుడి బాధ్యత అని ఆఫీసు రాతపూర్వకంగా జవాబిచ్చింది. నియమం ప్రకారం ఆ మాట నిజమే. నా అభిప్రాయంలో వాదన అక్కడితో అయిపోదు. సరఫరా చేసింది ఒక గీజర్‌కు సరిపడా కరెంటు, వసూలు చేసింది రెండు మీటర్ల మీద. సరఫరా చేయని యూనిట్లకు డబ్బు ఉంచుకునే హక్కు ఉందా అన్న ప్రశ్నను విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ముందు పెట్టాలని నేను గట్టిగానే చెప్పాను. చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం ప్రతి డిస్కంకూ ఆ వేదిక ఉండాలి, అక్కడ లాయరు అక్కర్లేదు, తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. అర్జీ కూడా రాసి ఇచ్చాను.

ఆమె భర్త వద్దన్నారు. "సార్, హియరింగ్‌కు పోయిన రోజు కూలి పోతది. ఇప్పటికే చాన పోయినయి" అన్నారు. ఓనర్ రెండు నెలల అద్దెలో కొంత తగ్గించారు. అద్దెకున్న ఆయన లెక్కలో అది సరిపోయింది, ఆ నిర్ణయం ఆయనదే. అర్జీ మాత్రం ఫైల్లో పెట్టుకోమన్నాను. నాకు మాత్రం ఇది తేలని విషయంగానే ఉంది. ఒక పూట కూలికి భయపడి న్యాయమైన డబ్బు వదిలేసుకునే మనుషులకు ఫోన్‌లోనో, వాళ్ల వార్డులోనో హియరింగ్ పెట్టడం డిస్కంకు కష్టమేమీ కాదు.

ఈ కేసు తర్వాత నేను అడుగుతున్నవి

పోర్షన్ల ఇంటి నుంచి బిల్లు ఫిర్యాదు వస్తే వైరింగు చూడకముందే పక్క పోర్షన్ గురించి అడుగుతున్నాను: ఈ మధ్య కొత్తగా దిగారా, గీజర్, ఏసీ, మోటారు ఏదైనా కొత్తగా పెట్టారా, వాళ్లు ఊరెళ్లిన రోజుల్లో మీ మీటరు ఎలా తిరిగింది. మీటరు టెస్టుకు డబ్బు కట్టే ముందు ఇంటివాళ్లే చేసుకోగల పరీక్ష ఒకటుంది. మెయిన్ ఆన్‌లో ఉంచి, లోపలి ఎంసీబీలన్నీ దించి, పక్కవాళ్లను గీజరో ఇస్త్రీ పెట్టెనో వేయమని, మీటరు పల్సు చూడటం. పల్సు కొట్టుకుంటే వీడియో తీసి, దాన్ని జతచేసి ఫిర్యాదు ఇవ్వండి. ఎంసీబీలకు బదులు పాత ఫ్యూజులుంటే వాటిని మీరు పీకకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వైర్లను ఎవరూ సొంతంగా ముట్టుకోవద్దు, మెయిన్ ఆపినా సరే. ఈ ఇంట్లో మెయిన్ ఆపాకే న్యూట్రల్ మీద టెస్టర్ వెలిగింది.

సెక్షన్ ఆఫీసు సిబ్బందికి కూడా ఇదే రాసి ఇచ్చాను, ఫిర్యాదు తనిఖీలో ఈ పరీక్షను చేర్చమని. జవాబు ఇంకా రాలేదు. ఆ ఓనర్‌కు అదే ఊళ్లో మరో ఇల్లు కూడా ఉంది, అదీ పోర్షన్లే, గీజర్లు వేసిందీ అదే ఎలక్ట్రీషియన్. ఆ జంక్షన్ బాక్సులు తెరిపించడానికి ఆయన ఒప్పుకున్నారు.